చెప్పుకోవడానికొక చోటు

రెండేళ్ళ క్రితం మొదటిసారి ఒక జాతీయ సదస్సుకు పేపరు పట్టుకుని వెళ్ళాను. బ్యాడ్జీ ఇచ్చారు, సంచీ ఇచ్చారు, భోజనం కూపన్లిచ్చారు. లోటేమీ లేదు. పోస్టరు ముందు నిలబడి ఉండగా ఒక పెద్ద ప్రొఫెసరుగారు వచ్చి, "ఇది నువ్వే చేశావా? ఎవరు రాసిచ్చారమ్మా?" అని నవ్వారు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. భోజనాల దగ్గరా అదే మాట.

ఎవరితో చెప్పుకోను? నిర్వాహకులతో అందామంటే ఆయన సలహా సంఘంలో సభ్యులు. మా గైడుగారితో అందామంటే ఆయనకూ ఈయనకూ పాత స్నేహం. రేపు నా థీసిస్ దిద్దడానికి ఆయనే రావచ్చు. నోరు మూసుకుని రైలెక్కాను.

సదస్సుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. పేపరు మీద పేరు ఎగిరిపోవడం, ప్రశ్నల పేరుతో అవమానం, అనకూడని మాట. స్త్రీలపై లైంగిక వేధింపయితే 2013 నాటి చట్టం ఉంది, రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి, విచారణ జరుగుతుంది. విద్యార్థుల ఫిర్యాదుల కోసం యూజీసీ 2023లో నియమాలు తెచ్చింది, అంబుడ్స్‌పర్సన్‌ను పెట్టమంది. మంచిదే. కాని అది మన విద్యాసంస్థ మీద అప్పీలు వినే పదవి. పరాయి ఊళ్ళో మూడు రోజుల సదస్సులో బిక్కుబిక్కుమంటున్న వాడికి అప్పటికప్పుడు దొరికే మనిషి కాదు.

అంబుడ్స్‌మన్ అనే పదవి 1809లో స్వీడన్ రాజ్యాంగంతో పుట్టింది. ప్రభుత్వాధికారుల మీద ప్రజల ఫిర్యాదులు వినడం ఆ పని. 1960లలో అమెరికా విశ్వవిద్యాలయాలకు చేరాక మరో రూపం తీసుకుంది. ఈ రెండో రకం మనిషి విచారణ చెయ్యడు, తీర్పు చెప్పడు, ఎవరి పక్షమూ పట్టడు. తలుపేసుకుని వింటాడు. "నీ ముందున్న దారులివి, ఏది పట్టాలో నీ ఇష్టం" అంటాడు. ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే తప్ప విన్నది బయట పెట్టడు. చివర్లో పేర్లు లేకుండా, ఫలానా రకం ఇబ్బందులు వస్తున్నాయని మాత్రం నిర్వాహకులకు చెబుతాడు. ఆ ప్రొఫెసరుగారే వెళ్ళినా అంతే ఓపికగా వింటాడు.

"తీర్పు చెప్పనివాడి వల్ల ఏం లాభం?" అని మిత్రులు అడిగారు. నిజమే, నేరం జరిగితే వెళ్ళవలసింది కమిటీకి, పోలీసులకు. ఈ మనిషి వాటికి బదులు కాడు. కాని ఫిర్యాదు దాకా వెళ్ళడానికే భయపడేవాళ్ళ సంగతేమిటి? రచ్చబండ మనకు తెలుసు, అక్కడ అందరూ వింటారు. అందరూ వింటారనే కదా చాలామంది అక్కడికి వెళ్ళరు! ఆ రోజు నాకు కావలసింది ఆయనకు శిక్ష కాదు. "నువ్వు అతిగా ఊహించుకోవడం లేదు" అనే ఒక్క మాట.

అందుకే మన యూనియన్‌కు నా విన్నపం. వచ్చే ఏడు మనం జరిపే సదస్సులో ఒక చిన్న గది, రెండు కుర్చీలు కేటాయించండి. అందులో కూర్చునేది మన కాలేజీ వారు కాకూడదు, నిర్వాహక సంఘం వారు అసలే కాకూడదు. ఫోన్ నంబరు బ్యాడ్జీ వెనక అచ్చు వెయ్యండి. గది జనం నడిచే వరండాలో మాత్రం పెట్టకండి. వెళ్ళేవాళ్ళను నలుగురూ చూస్తే ఇక అది రహస్యమెలా అవుతుంది?

ఖర్చంటారా? ఒక పూట టిఫిను పాటి చెయ్యదు. భోజనం కూపను మరిచిపోని మనం, మనిషి మాట వినడం మరిచిపోతే ఎలా?