తీరని మొక్కుల లెక్క ఎక్కడ?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో గల్ఫ్ ప్రయాణానికి పాస్‌పోర్టు కంటే ముందు మొక్కు సిద్ధమవుతుంది. జగిత్యాల వైపు వాళ్లు కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటారు. సిరిసిల్ల వైపు వాళ్లు వీసా వస్తే కోడె కడతామని వేములవాడ రాజన్నకు మాట ఇస్తారు. హైదరాబాద్ శివారున, గండిపేట చెరువు దాపున ఉన్న చిలుకూరు స్వామికైతే వీసా బాలాజీ అన్న పేరే స్థిరపడింది. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. అలా మొక్కుకున్నవాళ్లు ఇవాళ యూఏఈలోని రాస్ అల్ ఖైమా ఎమిరేట్‌లో సిమెంటు ఫ్యాక్టరీల్లో, రాతి క్వారీల్లో, టైల్స్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. వీళ్లను అక్కడికి చేర్చింది దేవుడేనా? ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టడానికి రాస్ అల్ ఖైమా కంటే అనువైన చోటు దొరకదు.

ఎందుకంటే అక్కడి లేబర్ క్యాంపుల్లో తెలుగువాడి పక్కనే పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ కార్మికులూ ఉంటారు. అంజన్న పేరైనా విననివాళ్లు వాళ్లలో ఎందరో. అయినా అందరికీ వచ్చింది ఒకే రకం వీసా. మనవాడికి అంజన్న ఇచ్చాడంటే, పఠానుకు ఎవరు ఇచ్చినట్టు? ఎవరి దేవుడు వారికి ఇచ్చాడంటే, ఇంతమంది దేవుళ్లూ ఒకే కంపెనీకి కావలసిన కూలీల లెక్కకు సరిపడేలా వరాలు పంచుకున్నారని ఒప్పుకోవాలి. అసలు కారణం కళ్లెదుటే ఉంది. మనిషి కావాలని కంపెనీ దరఖాస్తు చేస్తుంది, అక్కడి కార్మిక శాఖ పర్మిట్ ఇస్తుంది. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఎమిరేట్స్‌లో నిర్మాణాలు ఆగినప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు వేలమంది వెనక్కి వచ్చేశారు. అప్పుడు కరువైంది పనికే, భక్తికి కాదు.

‘మరి ఇంతమందికి మొక్కు ఫలించింది కదా’ అంటారు. ఫలించనివాళ్లను ఎవరు లెక్కపెట్టారు? ఓడ ప్రమాదంలో మొక్కుకుని బతికినవారి బొమ్మలను గుడిలో చూపించినప్పుడు, మునిగిపోయినవాళ్ల బొమ్మలేవని డయాగరస్ అనే గ్రీకు నాస్తికుడు అడిగాడని రోమన్ రచయిత సిసెరో రెండువేల ఏళ్ల కిందటే రాశాడు. చిలుకూరులోనూ అదే తంతు. పని అయినవాడు 108 చుట్లు తిరగడానికి వస్తాడు, అందరి కంటా పడతాడు. కానివాడు ఇంట్లోనే ఉండిపోతాడు. గెలిచినవాళ్లను మాత్రమే చూపించి, ఓడినవాళ్లను దాచేలా ఆ ఆచారం తయారైంది. దానికి ఎవరి కుట్రా అక్కర్లేదు. దర్గాలో కట్టే దారానికీ, చర్చిలో వెలిగించే కొవ్వొత్తికీ ఈ మాటే వర్తిస్తుంది.

ఇంకో వాదన ఉంది. చిలుకూరులో హుండీ కూడా లేదు. పైసా ఖర్చు లేని నమ్మకం ఊరు కాని ఊళ్లో గుండెధైర్యం ఇస్తే తప్పేమిటి? ధైర్యం ఇస్తుందన్నది నిజమే, కాదనను. నష్టం మరోచోట ఉంది. పని జరిగితే దేవుడి దయ, చెడితే తలరాత అన్నప్పుడు మధ్యలో ఉన్న ఏజెంటు ఏ లెక్కలోకీ రాడు. 1983 వలస చట్టం ప్రకారం రిక్రూటింగ్ ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అతను తీసుకోగల ఫీజు 30 వేల రూపాయలు, దానిపై పన్ను. ఇంతకు ఎన్నో రెట్లు గుంజి, విజిట్ వీసా మీద విమానం ఎక్కించినవాణ్ణి నిలదీయాల్సిన మనిషి పూర్వజన్మ పాపాన్ని తిట్టుకుని ఊరుకుంటున్నాడు. అక్కడ మండుటెండల్లో కార్మికుణ్ణి కాపాడుతున్నదీ ఏ స్తోత్రమూ కాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన. మనుషులు రాసిన చట్టం కాబట్టే, అమలు కాకపోతే ఫిర్యాదు చేయవచ్చు. మొక్కు తీర్చని దేవుడి మీద ఎక్కడ ఫిర్యాదు చేస్తాం?

మొక్కుకునేవాళ్లు మొక్కుకోండి, అది మీ హక్కు. కానీ కోడె కట్టే ముందు ఏజెంటు లైసెన్సు నంబరును కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఉద్యోగ ఒప్పందం చేతికి రానిదే డబ్బు కట్టకండి. ఉద్యోగానికని చెప్పి విజిట్ వీసా ఇస్తే విమానం ఎక్కకండి.