ఎం.పి.ల నిధులు: ఖర్చు ఎవరిది, నిఘా ఎవరిది?

న్యూఢిల్లీ: స్థానిక స్వపరిపాలన చరిత్రలో 1993 ఒక చిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది ఏప్రిల్ 24న 73వ, జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణలు అమలులోకి వచ్చి పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించింది. డిసెంబర్ 23న ప్రధాని పి.వి. నరసింహారావు పార్లమెంటులో ఎం.పి.ల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకాన్ని ప్రకటించారు. వీధి స్థాయి పనులను ఒక చేత్తో స్థానిక సంస్థలకు అప్పగించి, మరో చేత్తో ఎం.పి.లకు పంచినట్లయింది.

తొలి ఏడాది ఒక్కొక్క సభ్యునికి 5 లక్షల రూపాయలతో మొదలైన కేటాయింపు మరుసటి ఏడాదికే కోటికి, 1998-99లో 2 కోట్లకు, 2011-12లో 5 కోట్లకు చేరింది. ఉభయసభల సభ్యులందరికీ కలిపితే ఏటా దాదాపు 4 వేల కోట్లు! రాష్ట్రాల శాసనసభలూ ఇదే బాట పట్టాయి. ఢిల్లీలో ఎమ్మెల్యేకు ఏటా 15 కోట్లకు పెంచిన నిధిని 2025లో వచ్చిన కొత్త ప్రభుత్వం 5 కోట్లకు కుదించింది.

మంచినీటికో, బడి గదికో ప్రజలు అర్థించేది తమ ప్రతినిధినేనని, ఆయన సిఫారసు మాత్రమే చేస్తారని, మంజూరు, అమలు జిల్లా యంత్రాంగానివేనని పథకాన్ని సమర్థించేవారు అంటారు. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 2010 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా పథకం చెల్లుతుందని తీర్పు చెప్పింది.

అయితే రాజ్యాంగానికి విరుద్ధం కానిదంతా వాంఛనీయం కాజాలదు. పథకాన్ని నిలిపివేయాలని 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్, రద్దు చేయాలని 2007లో వీరప్ప మొయిలీ నాయకత్వంలోని పరిపాలనా సంస్కరణల సంఘం సిఫారసు చేశాయి. ప్రభుత్వ వ్యయాన్ని ప్రశ్నించడం పార్లమెంటు సభ్యుని ప్రథమ కర్తవ్యం. తాను సిఫారసు చేసిన రోడ్డే తొలి వానకు కొట్టుకుపోతే ఆయన సభలో ఎవరిని నిలదీయగలరు? ఈ నిధుల పనులకు ముడుపులు అడిగిన వ్యవహారం 2005 డిసెంబర్‌లో రహస్య కెమెరాలకు చిక్కగా, 2006 మార్చిలో రాజ్యసభ ఒక సభ్యుణ్ణి బహిష్కరించింది.

కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో నిలిపివేసిన పథకాన్ని 2021 నవంబర్‌లో పునరుద్ధరించారు. ఆ విరామాన్ని పునరాలోచనకు వినియోగించుకుని ఉండవలసింది. ఈ సొమ్మును ప్రజలకు దూరం చేయనక్కరలేదు. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు నేరుగా ఇస్తే చాలు. ఖర్చు వారు పెట్టాలి, లెక్క ఎం.పి. అడగాలి. ఖర్చు పెట్టించేవారే లెక్క అడగవలసిన వారైతే ఆ లెక్క ఎన్నటికీ తేలదు.