తిరిగొచ్చిన పచ్చడి సీసాకి డబ్బులెవరు కట్టాలి?

మా ఆఫీసులో భోజనాల దగ్గర వారానికోసారైనా ఈ మాట వినపడుతుంది. "ఊళ్ళో మా వాళ్ళు అరిసెలు భలే చేస్తారు బాసూ, ఆన్‌లైన్‌లో పెట్టేస్తే దేశమంతా మార్కెట్టే." చెప్పేవాడు జావా డెవలపరు, తలూపేవాడు టెస్టరు. ఇద్దరిలో ఒక్కడు కూడా జీవితంలో ఒక్క అరిసె అమ్మినవాడు కాదు. నేనూ కాదు. అయినా 2022లో ఇదే మాట మా పెద్దమ్మకి చెప్పాను. ఈ టపా ఆ పాపానికి ప్రాయశ్చిత్తం అనుకోండి, ఇంకా ఆ మాట చెప్తూ తిరుగుతున్న మనవాళ్ళ మీద కోపం అనుకోండి, మీ ఇష్టం.

మాది నాయుడుపేట. తెలియని వాళ్ళకి: కలకత్తా-మద్రాసు హైవే మీద, తిరుపతి రోడ్డు కలిసే చోట. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్ళం, తర్వాత తిరుపతి జిల్లాలో పడ్డాం, యాస మాత్రం పాతదే. పెద్దనాన్న టిఫిన్ హోటలు కరోనాలో మూతపడింది. పెద్దమ్మ చేతి గోంగూరకీ రొయ్యల పచ్చడికీ చుట్టాల్లో పేరుంది. ఇంకేం, నాలోని ఇంజనీరు నిద్ర లేచాడు. రెండు శని ఆదివారాలు కూర్చుని సైటు కట్టాను. ఒక పెద్ద కంపెనీ వెబ్‌సైట్లో (పేరెందుకులెండి) అమ్మకందారుగా కూడా చేర్పించాను. సీసాలు, డబ్బాలు, సీలు మిషనుకి పెద్దమ్మ గొలుసు కుదవ పెట్టి 60 వేలు తెచ్చింది. "అబ్బయా, ఇది నడుస్తాదా?" అని ఒకే ఒక్కసారి అడిగింది. "పెద్దమ్మా, నువ్వు ఊరికే చూస్తా ఉండు" అన్నాను. నిజంగానే, చూస్తూ ఉండటం తప్ప తర్వాత ఆమె చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆర్డర్లు వచ్చాయి, రాలేదని చెప్పను. మొదటి నెల 40. నేను మద్రాసులో కూర్చుని గ్రాఫు చూసి మురిసిపోయాను. పెద్దమ్మ మాత్రం డబ్బులు చేతికి రావటం లేదంటోంది. "స్టార్టింగ్‌లో అంతే, స్కేల్ అవ్వాలి" అన్నాను. (ఈ 'స్కేల్' అనే మాటని ఎవరైనా నిషేధిస్తే వాళ్ళకి నా ఓటు.) మూడో నెలలో ఆమె తన నోటుపుస్తకం నా ముందు పెట్టింది. ఆ లెక్క ఇక్కడ రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక్కో ఆర్డరు సగటున 450 రూపాయలు. సరుకుకి 270, ప్యాకింగుకి 30, కొరియరుకి 80. మిగిలేది 70. అంటే పది ఆర్డర్లకి 700 లాభం. బాగానే ఉంది కదా? కానీ దాదాపు అన్నీ క్యాష్ ఆన్ డెలివరీ. పార్శిల్ గుమ్మం దాకా వెళ్ళాక "ఇప్పుడు వద్దు", "ఇంట్లో లేము", అసలు ఫోనే ఎత్తకపోవటం. తిరిగొచ్చే పార్శిలుకి ఇంకో 80 మనమే కట్టాలి. చొక్కా అయితే మళ్ళీ మడతపెట్టి అమ్ముకోవచ్చు. పన్నెండు రోజులు ఎండలో గోడౌన్లు తిరిగి, నూనె కారి వచ్చిన రొయ్యల పచ్చడిని ఎవరికి అమ్ముతారు? పారబోయటమే.

కాబట్టి పదిలో ఒక్కటి తిరిగొస్తే 700 కాస్తా 170 అవుతుంది. రెండు తిరిగొస్తే 360 నష్టం. మూడు వస్తే 890 నష్టం. మాకు పదికి మూడు వచ్చేవి. అంటే నా గ్రాఫు ఎంత పైకి పోతే పెద్దమ్మ గొలుసు అంత లోపలికి పోతోంది. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివిన నాకు ఇది తట్టలేదు, పదో తరగతి తప్పిన ఆమె నోటుపుస్తకంలో తేలింది.

రేటు పెంచొచ్చుగా అంటారు. పక్కనే 299కి ఎవడో పెట్టిన గోంగూర కనిపిస్తుంటే మాది ఎవరు నొక్కుతారు? క్యాష్ ఆన్ డెలివరీ తీసెయ్యొచ్చుగా అంటారు. మేం చేరిన చోట ఆ వీలు లేదు. మా సొంత సైటులో తీసేస్తే ఆర్డర్లు నెలకి మూడుకి పడిపోయాయి.

అసలు ఈ అలవాటు మన జనానికి ఎవరు చేశారు? ఫ్లిప్‌కార్ట్ 2010లో క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టింది. కార్డుల మీద నమ్మకం లేని దేశంలో తెలివైన పనే, కాదనను. కానీ తిరిగొచ్చిన పార్శిళ్ళ ఖర్చు భరించటానికి వాళ్ళ దగ్గర పెట్టుబడిదారుల డబ్బుంది. ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచినా 2018లో వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లు పోసి 77 శాతం కొనుక్కుంది. వాళ్ళకి ఆ నష్టం పెట్టుబడి. అదే అలవాటు ఇవాళ నాయుడుపేటలో పచ్చడి కలిపే మనిషి నెత్తిన పడితే, అక్కడ పెట్టుబడిదారు ఎవరు? ముత్తూట్ లాంటి తాకట్టు కొట్టే.

అన్నట్టు ఫ్లిప్‌కార్ట్ కథలో మనవాళ్ళు ఎప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. 2007లో వాళ్ళకొచ్చిన మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి. జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ద వరల్డ్' పుస్తకం. సరఫరాదారు దగ్గర లేకపోతే ఆ ఇద్దరు బన్సాల్‌లు బెంగుళూరు పుస్తకాల షాపులన్నీ తిరిగి, ఒక్క కాపీ పట్టుకుని పంపారు. ఒక్క మనిషి కోసం ఊరంతా తిరిగారు, అలా మొదలైంది ఆ వ్యాపారం. మనం స్టార్టప్ మీటింగుల్లో 1600 కోట్ల డాలర్ల దగ్గర కథ మొదలుపెడతాం.

"చిన్న అమ్మకందారుకి పెద్ద వేదిక" అనే పాట గురించీ ఒక మాట. అమెజాన్ ఇండియాలో చాన్నాళ్ళు అతి పెద్ద అమ్మకందార్లలో ఒకటైన క్లౌడ్‌టెయిల్ ఎవరిది? అమెజాన్‌దీ, మన నారాయణమూర్తి గారి కాటమరాన్‌దీ ఉమ్మడి కంపెనీ. 2022 మే దాకా నడిచింది. ఇందులో చట్టవిరుద్ధం ఏదో ఉందని నేననటం లేదు. పెద్దమ్మ సీసా ఏ అరలో, ఎవరి పక్కన నిలబడాల్సి వచ్చిందో చెప్తున్నానంతే.

ఇక జీఎస్టీ. మా వీధి చివర కిరాణా కొట్టాయన మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల సరుకు అమ్మేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ 2022లో పెద్దమ్మ ఆన్‌లైన్ వేదిక మీద నాలుగు వేలది అమ్మాలన్నా తప్పనిసరి. తీసుకున్నాం. తర్వాత విసుగొచ్చి అమ్మకం ఆపేశాం. అమ్మకం లేకపోయినా 'నిల్' రిటర్ను వెయ్యాలని నేను ఆమెకి చెప్పలేదు, ఎందుకంటే నాకే గుర్తు లేదు. రోజుకి 20 రూపాయల చొప్పున, రిటర్నుకి 500 దాకా ఆలస్య రుసుము. నాలుగు నెలలకి రెండు వేలు. ఏమీ అమ్మనందుకు! ఈ రెండు వేలూ నేనే కట్టాను, అది నా ఫీజు.

2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు ఇచ్చారు. పరిమితి లోపు వాళ్ళు సొంత రాష్ట్రంలోనే అమ్ముకుంటే ఆన్‌లైన్ వేదికల మీద కూడా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సంతోషం. కానీ రాష్ట్రం దాటకూడదు. ఇది పెద్దమ్మకి చెప్పాను.

"అంటే ఇచ్ఛాపురానికి పంపచ్చా?"

"పంపచ్చు."

"మద్రాసుకి?"

"కూడదు పెద్దమ్మా, నంబరు తీసుకోవాల."

"హైదరాబాదుకి?"

"2014 నుంచి అదీ వేరే రాష్ట్రమే గదా."

"ఇచ్ఛాపురంలో నాకెవురుండారబ్బయా?" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇచ్ఛాపురం మాకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. మద్రాసు రెండు రెండున్నర గంటలు, సూళ్ళూరుపేట దాకా వాళ్ళ సబర్బన్ రైళ్ళే వస్తాయి. మా ఊరి పిల్లల్లో సగం మంది ఉద్యోగాలు మద్రాసులోనో, బెంగుళూరులోనో, హైదరాబాదులోనో. గోంగూర కోసం మొహం వాచిపోయి ఉన్నది వాళ్ళు. మూడూ రాష్ట్రం బయటే. కొన్ని చేతివృత్తుల వస్తువులకి రాష్ట్రాల మధ్య అమ్మకంలో మినహాయింపు ఇచ్చారు, పచ్చళ్ళకి లేదు. రాష్ట్రం లోపల ఇచ్చిన వెసులుబాటే సరిహద్దు దాటే చిన్న పార్శిలుకి కూడా ఇస్తే ఖజానాకి పోయేదేమిటి? తడ దాటి నాలుగు కిలోల పచ్చడి పోతే దేశం మునిగిపోతుందా? ఓఎన్‌డీసీ వచ్చిందిగా అంటారేమో. సరుకు ఎక్కడ కనిపిస్తుందన్నది అది మారుస్తుంది, ఈ సరిహద్దునీ తిరుగు పార్శిలునీ కాదు.

ఇప్పుడు ఏం జరుగుతోందంటే, రిజిస్ట్రేషన్ వెనక్కిచ్చేశాం. నా సైటు మూతపడింది (ఎవరూ ఏడవలేదు). పెద్దమ్మ వాట్సాప్‌లో అరవై ఇళ్ళ లిస్టు పెట్టుకుంది. ఆ లిస్టుకి బీజం, సైటులో క్యాష్ ఆన్ డెలివరీ తీసేశాక నెలకి వచ్చిన ఆ మూడు ఆర్డర్లే. ముందే డబ్బు కట్టినవాళ్ళు మళ్ళీ అడిగారు, పక్కింటి వాళ్ళకి చెప్పారు. డబ్బులు ముందు, శనివారం ఆర్టీసీ కార్గోలో సీసాలు. తిరిగొచ్చేవి లేవు. మద్రాసు వాళ్ళు నెల్లూరు వెళ్తూ ఇంటి దగ్గరే ఆగి కొనుక్కుపోతారు.

ఆవకాయకైతే మార్చిలోనే సగం డబ్బు అడ్వాన్సు తీసుకుంటుంది, ఆ డబ్బుతోనే కాయలు కొంటుంది. ఇది ఆమెకి నేను చెప్పింది కాదు. చీటీలు నడిపిన అనుభవం. మేం వడ్డీకి తెచ్చిన 60 వేలు చేయలేని పని, కొనేవాళ్ళు ముందే ఇచ్చిన 25 వేలు చేశాయి. గొలుసు కిందటేడు విడిపించుకుంది.

ఇది పెద్ద వ్యాపారం అవుతుందా? అవ్వకపోవచ్చు. నెలకి ఎనిమిది తొమ్మిది వేలు మిగులుతాయి. లంచ్ టేబుల్ దగ్గర చెప్తే "అంతేనా?" అన్నాడు మావాడొకడు. వాడి బైకు ఈఎంఐ అంతకంటే తక్కువే.

మొన్న వాడే వచ్చి వదిన గారి చీరలకి సైటు కట్టిపెట్టమన్నాడు. పెద్దమ్మ నోటుపుస్తకంలోని పది పార్శిళ్ళ లెక్కని షీటులో వేసి పంపాను, వాళ్ళ చీరల అంకెలు నింపి, తిరిగొచ్చేవి రెండు అని పెట్టి చూడమన్నాను. ఇంకా జవాబు లేదు.