ఆ పేరు చెప్పినందుకు ఎంత?

పెళ్లి సంబంధం కుదిర్చిన పేరయ్యకు ఎంత ముట్టజెప్పాలో ఇరువైపులవారికీ తెలుసు. స్థలం చూపించిన బ్రోకరు తన కమీషన్ ఎంతో ముందే చెప్పేస్తాడు. అందులో దాపరికం లేదు. అదే మన ఆడిటరుగారు 'డబ్బు సంగతికి మావాడొకడున్నాడు, నా పేరు చెప్పి కలవండి' అన్నారనుకోండి. 'మీకేమైనా వస్తుందాండీ' అని అడగడానికి నోరు పెగలదు. మొహమాటం!

ఓ మేష్టారు రిటైరయ్యారు. గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి 20 లక్షలు చేతికొచ్చాయనుకుందాం. ఆడిటరు పంపిన ఏజెంటు ద్వారా మొత్తం మ్యూచువల్ ఫండ్లలో పెట్టేశారు. ఏజెంటుకు ఫండ్ సంస్థ ఏటా కమీషన్ ఇస్తుంది. అదేమీ మేష్టారు విడిగా కట్టరు. పథకం ఖర్చుల్లో కలిసిపోయి, రోజూ కొంచెం కొంచెంగా యూనిట్ విలువలోంచి పోతుంది. అందుకే కంటికి కనపడదు. ఏజెంటు లేకుండా కొనుక్కునే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. రెంటి మధ్యా ఖర్చులో తేడా ఒక శాతం అనుకుంటే, ఏడాదికి 20 వేల రూపాయలు. సలహా మంచిదైతే ఆ డబ్బు దండగేం కాదు. కానీ అందులో కొంత చుట్టు తిరిగి ఆడిటరుగారికి చేరుతోందా? ఆయన ఆ పేరు చెప్పింది పనితనం చూసా, వాటా చూసా?

2016 అక్టోబరు నుంచి సెబీ ఒక మంచి పని చేయించింది. ఆర్నెల్లకోసారి వచ్చే ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంట్‌లో ఏజెంటుకు ఎంత కమీషన్ ముట్టిందో రూపాయల్లో ఉంటుంది. (ఎంతమంది ఆ కాగితం విప్పి చూస్తున్నారన్నది వేరే సంగతి.) అయితే అందులో కనపడేది ఫండ్ సంస్థ ఏజెంటుకు ఇచ్చిన మొత్తమే. ఏజెంటు తన జేబులోంచి ఎవరికి పంచాడో ఉండదు.

ఆర్థిక విశ్లేషకులకు అంతర్జాతీయంగా గుర్తింపునిచ్చే సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ నియమావళి ఇక్కడ గట్టిగా ఉంటుంది. ఎవరి పేరైనా సిఫారసు చేసినందుకు ఏ ప్రయోజనం అందినా ఖాతాదారుకీ, తాము పనిచేసే సంస్థకీ చెప్పి తీరాలి. అదీ ఒప్పందం కుదరకముందే. ఎంత విలువ, ఒక్కసారేనా, ఏటా వస్తుందా అన్నదీ చెప్పాలి. నగదే కానక్కర్లేదు. 'నువ్వు నాకు నలుగుర్ని పంపు, నేను నీకు నలుగుర్ని పంపుతా' అన్న నోటిమాట ఒప్పందమైనా చెప్పాల్సిందే. మన దగ్గర చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949లోనే మరో దారి మూసింది. పనులు తెచ్చిపెట్టారని తన ఫీజులో బయటివారికి వాటా ఇచ్చే ఆడిటరు వృత్తిపరమైన తప్పు చేసినట్టే లెక్క.

ఇంతకీ ఎలా అడగాలి? 'మీకూ ఆయనకూ ఏమైనా ఏర్పాటు ఉందాండీ, ఇంట్లో లెక్క రాసుకోవాలి' అంటే చాలు. నిక్కచ్చి మనిషైతే ఉన్నదున్నట్టు చెబుతాడు. ఉందని చెప్పినంత మాత్రాన ఆయన్ని వదులుకోనక్కర్లేదు, మరో ఇద్దరి దగ్గర ధర వాకబు చేస్తే సరిపోతుంది. నవ్వి మాట దాటేస్తే మాత్రం చెక్కు మీద సంతకం ఓ వారం ఆపండి.