ఒక్క టికెట్

2023 ఆగస్టు 24 సాయంత్రం ఢిల్లీలో 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల జాబితా చదివారు. మనవాళ్లకు పండగే. ఉత్తమ నటుడు అల్లు అర్జున్, 'పుష్ప'కు. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 'ఆర్ఆర్ఆర్'కు ఆరు వచ్చాయి. 'కొండపొలం' పాటకు చంద్రబోస్, నేపథ్య సంగీతానికి కీరవాణి, ఉత్తమ తెలుగు చిత్రంగా 'ఉప్పెన'. అప్పటికి అయిదు నెలల కిందటే 'నాటు నాటు' ఆస్కార్ కొట్టుకొచ్చింది కాబట్టి ఊపు మీదున్నాం. అదే జాబితాలో అయిదు పురస్కారాలు తెచ్చుకున్న హిందీ సినిమా ఒకటి ఉంది, 'గంగూబాయి కాఠియావాడీ'. ఉత్తమ నటిగా అలియా భట్‌కు వచ్చింది అందులో ఒకటి. ఆ సినిమా కథ ముంబైలోని కామాఠిపురాలో జరుగుతుంది. కామాఠిపురా మన ఊరు.

మన ఊరంటే ఉలిక్కిపడే పాఠకులు ఉంటారని తెలుసు. ఆ ఉలికిపాటు గురించి కూడా ఇక్కడ కొంత రాయాలి.

నిజాం రాజ్యం నుంచి, ముఖ్యంగా తెలంగాణ పల్లెల నుంచి రాయి కొట్టడానికి, మట్టి మోయడానికి, గోడలు లేపడానికి పోయిన కూలీలనూ మేస్త్రీలనూ బొంబాయి కామాఠీలని పిలిచింది. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచీ సాగిన వలస అది. ఉప్పునీటిని కట్టకట్టి ఆపాక తేలిన పల్లపు నేలలో వాళ్లకు చోటు దొరికింది. అదే కామాఠిపురా: పద్నాలుగు గల్లీలు, పక్కనే ఫోరస్ రోడ్, ఇంకాస్త నడిస్తే ఫాక్‌లాండ్ రోడ్. ఇప్పుడు బోర్డుల మీద ఒకటి ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్, ఒకటి పట్ఠే బాపూరావ్ మార్గ్. టాక్సీవాడికి మాత్రం పాత పేర్లే చెప్పాలి. ఇంగ్లీషువాళ్ల హయాంలో ఒళ్లమ్ముకునే వ్యాపారం ఇవే గల్లీల్లో స్థిరపడింది, లోకానికి అదొక్కటే గుర్తుండిపోయింది. బతుకమ్మ ఆడిన చాళ్ల ముంగిళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. అక్కడి పిల్లలు కాలేజీ ఫారంలో 'ముంబై సెంట్రల్' అనో 'నాగ్‌పాడా' అనో రాసుకోవడం నేర్చారు. పిల్ల సంబంధం మాట్లాడేటప్పుడైతే చెప్పనే అక్కర్లేదు.

సినిమా విడుదలకు ముందు స్థానిక ఎమ్మెల్యే, ఆ పేటలోనే ఉండే ఒకామె వేర్వేరుగా బాంబే హైకోర్టుకు వెళ్లారు. ఊరి పేరు వాడొద్దని, ఇప్పటికే మోస్తున్న మచ్చ చాలని వాళ్ల గోడు. కోర్టు ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరి 25న సినిమా వచ్చింది. కోర్టు చేసింది తప్పనను. పేర్లు మూసిపెడితే మచ్చలు పోవు. కానీ ఒక సంగతి చూడండి. ఆ సినిమాలో కనిపించే కామాఠిపురా గోరేగావ్ ఫిల్మ్‌సిటీలో వేసిన సెట్టు. సరిగ్గా నెల తిరిగేసరికి, మార్చి 25న, అదే అలియా 'ఆర్ఆర్ఆర్'లో మన సీతగా వచ్చింది. ఫోరస్ రోడ్ తెలుగువాడు ఫిబ్రవరిలో తిట్టుకున్న నటికే మార్చిలో ఈల వేశాడు. జాతీయ పురస్కారాల నాడు మళ్లీ అదే ఇరకాటం. గర్వం, గుర్రు ఒకే జాబితాలో వచ్చిపడ్డాయి.

ఏటా జనవరి నుంచి మార్చి దాకా పురస్కారాల కాలం. ఆస్కార్ నామినేషన్లు, ఫిల్మ్‌ఫేర్ ఊహాగానాలు, ఆ తరవాత మన రాష్ట్రాల సొంత వేడుకలు. ఈ రోజుల్లో సినిమాకు నలుగురితో కలిసి వెళితే సినిమా చూడలేం. హాల్లోంచి బయటికి రాకముందే, మెట్ల మీదే, పంచాయితీ మొదలవుతుంది: వస్తుందా రాదా, హీరోయిన్‌కి ఇవ్వొచ్చు గానీ దర్శకుడికి అంత సీను లేదు, పోయినేడు ఇచ్చినవాడికంటే నయం. తీర్పు చెప్పేశాక మిగిలేది పార్కింగ్ చీటీ వెతుక్కోవడమే. అందుకని ఈ మూడు నెలలూ నేను ఒక్కణ్నే వెళతాను. చూసినదాన్ని రెండు మూడు రోజులు నోట్లో ఉంచుకుని తిరగడంలో ఒక సుఖం ఉంది. సగం సినిమాలు ఆ గడువు దాటేసరికి చప్పబడతాయి, అది వేరే విషయం.

మన వైపు ఒంటరిగా సినిమాకు పోవడమంటే జాలిపడే వ్యవహారం. "ఒక్కడివే పోయినవా? ఎవరూ దొరకలేదా?" సినిమా మనకు కుటుంబంతోనో, అభిమాన సంఘంతోనో చూసేది. బెనిఫిట్ షోకు ఒంటరిగా పోయినవాణ్ని పోలీసులు కూడా అనుమానంగా చూస్తారేమో. ఫోరస్ రోడ్ లెక్క వేరు. ఆ పక్కన ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో పీలా హౌస్ అనే జాగా ఉంది. పార్సీ నాటకాల కాలం నుంచి ఆటలకు పేరుపడ్డ చోటు. ఆల్‌ఫ్రెడ్, న్యూ రోషన్, గుల్షన్, రాయల్, నిషాత్: హాళ్లు పక్కపక్కనే. ముంబై మొత్తమ్మీద అతి తక్కువ ధర టికెట్లు అక్కడివే అనిపించుకున్న రోజులున్నాయి. కొత్త సినిమా వచ్చేది తక్కువ. ఇరవయ్యేళ్ల కిందటి మిథున్ సినిమా, ముప్పయ్యేళ్ల కిందటి అమితాబ్ సినిమా మళ్లీ మళ్లీ తిరిగేవి. టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది ఒక్కొక్కరుగా వచ్చినవాళ్లే. కూలీలు, హమాలీలు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పని దొరకని రోజున నాకా నుంచి, అంటే కూలీల అడ్డా నుంచి, వెనక్కి తిరిగినవాళ్లు.

ఒంటరితనం పోగొట్టుకోడానికి వచ్చేవారనుకుంటే పొరపాటు. చాల్‌లో పది పన్నెండు మంది కలిసి ఉండే ఒంటి గది, ఖోలీ, ఎలా ఉంటుందో తెలిస్తే సంగతి బోధపడుతుంది. పగటి పాళీవాడు లేచిన చాప మీదే రాత్రి పాళీవాడు వాలతాడు. ట్రంకుపెట్టె తలకింద, బట్టలు తాడు మీద, నీళ్ల కోసం తెల్లవారుజామున లైను. అక్కడ మనిషికి కరువైంది ఏకాంతం. మేస్త్రీ పని చేసి ముసలితనంలో కరీంనగర్ వైపు సొంతూరికి తిరిగొచ్చిన ఒక పెద్దాయన నాకు చెప్పిన మాట ఇది: "ఊరికెల్లి ఉత్తరం వస్తే నేను సిన్మాకు పోతుంటి బిడ్డా. మంచి ఉత్తరమో చెడ్డ ఉత్తరమో. ఖోలీల ఏడిస్తె పదకొండు మంది ఓదారుస్తరు. చీకట్ల అడిగెటోడు లేడు." ఏం సినిమాలు చూశావు పెద్దయ్యా అంటే ఆయనకు ఒక్కటీ సరిగ్గా గుర్తులేదు. హాలు మాత్రం గుర్తుంది, ఏ వరసలో ఫ్యాను తిరగదో అది కూడా గుర్తుంది.

దీన్ని మరీ అందంగా చెప్పడం నాకిష్టం లేదు. ఆ హాళ్లలో నిద్రపోవడానికి వచ్చేవాళ్లుండేవారు, జేబులు కొట్టేవాళ్లుండేవారు, తాగి గోల చేసేవాళ్లుండేవారు. ఆడవాళ్లు అటు తొంగిచూసేవారు కాదు. అయినా అక్కడ జరిగిన ఒక పని చూసితీరాలి. ఆల్‌ఫ్రెడ్ ముందు వేలాడే పోస్టర్లను షేక్ రెహమాన్ అనే చిత్రకారుడు చేత్తో వేసేవాడు. ముంబైలో చేత్తో పోస్టర్లు వేసిన చివరి తరం మనిషి. జర్మనీ దర్శకులు ఇద్దరు ఆయన మీద 'ఒరిజినల్ కాపీ' అని డాక్యుమెంటరీ తీశారు. ఒక సినిమా వెళ్లిపోగానే గుడ్డ మీది బొమ్మకు రంగు పూసి, దాని మీదే తరవాతి సినిమా బొమ్మ. హీరో మొహంలో ఎర్రరంగు ఎక్కువ, విలన్‌కు ఆకుపచ్చ నీడ. ఎప్పుడో వచ్చిపోయిన సినిమాను ఆ వీధికి మళ్లీ కొత్తగా కనిపించేట్టు చేయడం ఆయన పని. ఏ పురస్కారాల జాబితాలోనూ ఆ పనికి గడి లేదు.

తెలుగు సినిమాకూ ఈ చుట్టుపక్కల వీధులకూ ఉన్న సంబంధం ఇంకా పాతది. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'ను హెచ్.ఎం. రెడ్డి తీసింది బొంబాయిలో, అర్దేశిర్ ఇరానీ ఇంపీరియల్ కంపెనీకి. సురభి కమలాబాయి మొదలైన నటులు రైలెక్కి అక్కడికే వెళ్లారు. రెంటాల జయదేవ పరిశోధించి తేల్చిన తేదీ ప్రకారం అది మొదట విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమాలో. మద్రాసు ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే తెలుగు మాట వెండితెర మీద మొదట వినబడింది కామాఠిపురా నుంచి నడిచిపోగల దూరంలో. ఆనాటి ఆ హాల్లో కామాఠీ కూలీలు కూర్చుని ఉంటారని నా నమ్మకం. తెలుగు టాకీని బొంబాయిలో ఆడించినవాళ్లు మరెవర్ని నమ్ముకుని ఆడించి ఉంటారు?

ఆ రోజుల్లోనే బొంబాయి చేరిన మనవాళ్లు ఇద్దర్ని తలుచుకోవాలి. కరీంనగర్ వైపు నుంచి వెళ్లిన పైడి జైరాజ్ మూకీల కాలంలోనే హిందీ తెరకు హీరో అయ్యాడు. ఏలూరు దగ్గర సోమవరప్పాడు నుంచి ఎల్.వి. ప్రసాద్ ఇంట్లో చెప్పకుండా వెళ్లి, 'ఆలం ఆరా'లోనూ 'భక్త ప్రహ్లాద'లోనూ చిన్న వేషాలు వేశాడు. జైరాజ్‌కు 1980 సంవత్సరానికి, ప్రసాద్‌కు 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. అరవై, డెబ్బై ఏళ్లు దాటాక ఇచ్చే గౌరవానికి ఒక ఇబ్బంది ఉంది. ఆ మనిషి ఊరుగాని ఊళ్లో జేబులు తడుముకుంటూ తిరిగిన ఏళ్లను అది మంచి కథగా మార్చేస్తుంది. గుర్తింపు రాని మిగతావాళ్ల అవే ఏళ్లు కథ కాకుండానే పోతాయి.

పురస్కారాలు కూడా ఒకప్పుడు ఈ నగరంలో హాలులోనే ఇచ్చేవారు. మొదటి ఫిల్మ్‌ఫేర్ సభ 1954 మార్చి 21న మెట్రో థియేటర్‌లో జరిగింది. ఇచ్చినవి అయిదే. 'దో బీఘా జమీన్' ఉత్తమ చిత్రం. పొలం నిలుపుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగిన రైతు కథ. ఫోరస్ రోడ్ వలస మనిషికి అంతకంటే దగ్గర కథ ఉండదు. ఇప్పుడు ఆ వేడుక గువాహటి వెళ్లింది, గాంధీనగర్ వెళ్లింది, 2025లో అహ్మదాబాద్ వెళ్లింది. ఏ రాష్ట్రం పిలిస్తే అక్కడికి. అటు హాళ్లూ పోతున్నాయి. బెల్లాసిస్ రోడ్ మొదట్లో ఉన్న అలెగ్జాండ్రాలో ఇప్పుడు సినిమా ఆడదు, మతవిద్య చెబుతారు. కామాఠిపురా మొత్తాన్ని పడగొట్టి మళ్లీ కట్టే పథకం మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. చుట్టుపక్కల నిలబడ్డది మరాఠా మందిర్. 1995 అక్టోబర్ నుంచి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' ఆడుతున్న హాలు. ఎదురుగా ఎస్టీ బస్సుల డిపో, పక్కన రైల్వే స్టేషన్, బండికి ఇంకా టైముంటే పొద్దుటి ఆటలో కూర్చునే ఒంటరి ప్రయాణికులు. ఆ సినిమా హీరో షారుఖ్‌కు జాతీయ పురస్కారం మొదటిసారి వచ్చింది 2025లో, 'జవాన్'కు. మరాఠా మందిర్ ప్రేక్షకులు ఆ ముప్పయ్యేళ్లూ జ్యూరీ కోసం ఆగలేదు.

అసలు చెప్పదలచుకున్నది ఆడవాళ్ల సంగతి. ఇంతవరకు రాసిన ఏకాంతం అంతా మగవాడిది. చాళ్లలోని మన ఆడవాళ్లకు సినిమా అంటే పండగకు పదిమంది కలిసి వెళ్లే పౌరాణికం, లేదంటే మొగుడి వెనక వెళ్లేది. ఒంటరిగా వెళితే? ఏ ఊళ్లోనైనా ఒంటరిగా హాలుకు వచ్చిన ఆడదాన్ని ఒకసారి తేరిపార చూస్తారు. ఫోరస్ రోడ్ నుంచి వచ్చిందంటే ఆ చూపుకు ధర కూడా తోడవుతుంది. అక్కడి తెలుగు కుటుంబాలు కూతుళ్ల నడకను కాపలా కాసినంత గట్టిగా ఇంకెక్కడా కాయవు. ఆ కాపలాకు కారణం ఉంది, దానివల్ల ఊపిరాడకపోవడమూ ఉంది.

ఆ చాళ్లలో పుట్టి, లోయర్ పరేల్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి 'గంగూబాయి'ని అక్కడి మల్టీప్లెక్స్‌లో ఒక్కతే చూసింది. ఫోన్‌లో మూల సీటు చూసుకుని టికెట్ తీసుకుంది. ఇంట్లో ఓవర్‌టైమ్ అని చెప్పింది. ఒక్కదానివే ఎందుకమ్మా అని అడిగాను. "మా చాలోళ్లతోని పోతే సిన్మా చూస్తనా అన్నా, వాళ్ల మొకాలు చూస్తనా?" అంది. ఎక్కడ ఎవరు తలదించుకుంటారో, ఎవరు తన వైపు చూస్తారో అదే సరిపోతుందట. హాల్లో కామాఠిపురా పేరు వినబడగానే పక్క సీట్లలోని కుర్రాళ్లు ఈల వేశారట. "నాకు నవ్వొచ్చింది. ఆ పేరు ఫారంల రాయనీకి మా అన్న భయపడ్తడు. వీళ్లు ఈల కొడ్తున్రు." ఇంటర్వెల్‌లో లేవలేదు, ఎవరన్నా గుర్తుపడతారని. సినిమా నచ్చిందా అంటే, "ఆ గల్లీ మా గల్లీ కాదు గానీ, ఆమె మాట్లాడుతుంటే మంచిగనిపించింది" అంది. ఆ సినిమా మీద నేను చదివిన సమీక్షల్లో ఇంత నిక్కచ్చి మాట లేదు.

ఈ సంచికలో పురస్కారాల సినిమాల పట్టిక వేయడం లేదు. కావలసినవాళ్లకు అది ఎక్కడైనా దొరుకుతుంది. బదులుగా పాఠకులను ఒకటి అడుగుతున్నాం. మీరు ఒంటరిగా చూసిన ఒక సినిమా గురించి రెండు పేజీలు రాసి పంపండి. ఏ ఊళ్లో, ఏ హాలు, ఎన్నో ఆట, టికెట్ ఎంత, ఇంట్లో ఏం చెప్పి వెళ్లారు, ఇవి రాయండి. ఆ సినిమాకు ఏ అవార్డు వచ్చిందో రాయనక్కర్లేదు. ముంబై, భివండీ, సూరత్ తెలుగువాళ్లు, వాళ్లలోనూ ఆడవాళ్లు, తప్పక రాయాలి. కోరినవారి పేరు అచ్చువేయం. చిరునామా ఎవరిదీ వేయం.