ఇంటిల్లిపాదియు పరుగిడవలెను

తెల్లవాఱుజామున మన పట్టణములలో నేదేని యొక మైదానమునొద్ద నిలిచి చూచినచో నడుచువారును, పరుగిడువారును పెక్కండ్రు కానవత్తురు. వారిలో నుద్యోగులు గలరు, వర్తకులు గలరు, వైద్యుని హెచ్చరికకు వెఱచి వచ్చినవారును గలరు. కాని యొక కుటుంబము కుటుంబముగా వచ్చుట మిక్కిలి యరుదు. భర్త మైదానమున నుండును. భార్య వంటయింట నుండును. పిల్లలు నిద్రలోనో, ట్యూషనులోనో యుందురు. ఆరోగ్యమే మహాభాగ్యమని యందఱు నొప్పుకొందురు. ఆ భాగ్యమును గృహయజమాను డొక్కడే యనుభవింపవలెనని శాసించిన వారెవరు?

ఈ విషయమున మేము పరులను నిందింప బూనుకొనలేదు. మా దోషమును మేమే ముందుగా నొప్పుకొందుము. రక్తమున చక్కెర హెచ్చినదని వైద్యుడు చెప్పగా మేమును మైదానమునకు బోవ నారంభించితిమి. ఆఱు మాసములు గడచెను. దేహము తేలికపడెనని గర్వించి యొకనాడు మా గృహిణితో "నీవును రారాదా?" యంటిమి. ఆమె నవ్వి, "వచ్చెదను గాని, మీరు తిరిగి వచ్చుసరికి కాఫీయు, పిల్లలకు క్యారియర్లును ఎవరు సిద్ధము చేయుదురండీ?" అనెను. ఇరువది సంవత్సరములుగా న్యాయస్థానములలో వాదించుచున్న మాకు ఆ ప్రశ్నకు బదులు దొరకలేదు. మా యారోగ్యము మఱియొకరి శ్రమపై నిలిచియున్నదను సంగతి యంతవఱకు మాకు తోచనేలేదు.

నాటినుండి యేర్పాటు మార్చుకొంటిమి. రాత్రియే కూరలు తరిగియుంచుట మా వంతు. క్యారియర్లు సర్దుట పెద్దవాని వంతు. కాఫీ యందఱును తిరిగి వచ్చిన పిమ్మటనే. ఆదివారమునాడు నలువురమును ఊరి వెలుపలి చెఱువుగట్టుపై పరుగిడుదుము. మొదటినాడు గట్టుపై మేకలు కాయు అవ్వ యొకతె మమ్ము జూచి బెదరి, "ఎవరు తరుముతున్నారు నాయనా?" యని యడిగెను. మా చిన్నది నిలువకయే, "ఎవరూ తరమట్లేదవ్వా, మా నాన్నకి షుగరు!" అని కేకవైచెను.

కలసి పరుగిడుటలో నొక ధర్మము గలదు. అందఱికంటె మెల్లగా పోవువాని వేగమే అందఱి వేగము కావలెను. ముందు దుమికిన బిడ్డ వెనుదిరిగి వచ్చి తల్లి చేయి పట్టుకొనవలెను. ఇంట పది మాటలైనను పలుకని మా పెద్దవాడు ఒకనాడు పరుగు ముగించి గట్టుపై గూర్చుండి, పరీక్షలన్న తనకెంత భయమో తానై చెప్పుకొనెను. భోజనపు బల్లవద్ద మేమెన్ని మాఱులు ప్రశ్నించినను రాని మాట యది. ఎదురెదురుగా గూర్చుండి యడిగిన నది విచారణ. ప్రక్కప్రక్కను నడచిన నది స్నేహము. ఈ భేదము క్రాస్ పరీక్ష చేయుటయే వృత్తిగా గల మాకు ఆలస్యముగా బోధపడెను.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే యని చదువరులు తలపరాదు. ప్రపంచారోగ్యసంస్థ పండితులు 2024లో ప్రకటించిన లెక్కలను బట్టి, 2022 నాటికి మన దేశమున వయోజనులలో సుమారు సగము మందికి తగినంత శరీరవ్యాయామము లేదు. పురుషులలో నట్టివారు నూటికి 42 మంది కాగా, స్త్రీలలో 57 మంది. "ఇంటిపనియే ఆడవారికి చాలినంత వ్యాయామము" అని వాదించు మిత్రులు ఒక సంగతి గమనింపవలెను. ఇంటిపనిని సైతము లెక్కలోనికి దీసికొనియే వారీ సంఖ్యను తేల్చిరి. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధన మండలి వారి పరిశీలన ప్రకారము దేశమున మధుమేహరోగుల సంఖ్య 10 కోట్లను మించినది. వ్యాధి గడపలోపలికి వచ్చినపుడు స్త్రీ యని, పురుషుడని చూచుటలేదు. మందు మాత్ర మొకరికేల?

వయోజనులకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు వ్యాయామమును, బాలబాలికలకు సగటున దినమునకు 60 నిమిషములును కావలెనని ప్రపంచారోగ్యసంస్థ 2020లో సూచించినది. వారమునకు రెండున్నర గంటలు! మనము చరవాణి తెఱవైపు చూచుచు ఒక్క సాయంకాలమున పోగొట్టుకొను కాల మిది. దీనికి ధనము వలదు, యంత్రము వలదు. అలవాటు లేనివారు నడకతో ఆరంభింపవచ్చును. హృద్రోగాదులు గలవారు వైద్యుని యడిగి అడుగు వేయవచ్చును.

మన జాతికి వ్యాయామము క్రొత్తది కాదు. 1882లో జన్మించిన కోడి రామమూర్తినాయుడు గారు ఇనుపగొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్మున మోసి ఆంధ్రుల బలమును దేశదేశములకు జాటిరి. 1930లో గాంధీమహాత్ముడు తన అరువదియొకటవ యేట సబర్మతినుండి దండివఱకు సుమారు 240 మైళ్లు కాలినడకను పోయెను. నిత్యము నడచు అలవాటు లేని కాళ్లకు ఆ యాత్ర సాధ్యమా? కాని మన దౌర్బల్య మొకటి గలదు. బలవంతుని జూచి చప్పట్లు కొట్టి యింటికి బోవుటతో మనపని తీఱినదనుకొందుము. నేడు క్రికెట్టు పందెముల యెదుట కోట్లమందిమి గూర్చుండి చేయుచున్నదియు నదియే. చూచు జాతి వేఱు, ఆడు జాతి వేఱు.

స్త్రీల పరుగు విషయమున లోకమంతయు పొరబడినది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు 800 మీటర్ల పందెము పెట్టి, అది వారి దేహములకు తగదని తొలగించి, 1960వఱకు మఱల పెట్టరైరి. స్త్రీల మారథాను 1984లోగాని ఒలింపిక్సులో చేరలేదు. అట్టి శంకలకు నేడు మన బిడ్డలే సమాధాన మిచ్చుచున్నారు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునందలి కూలివారి బిడ్డ జీవంజి దీప్తి 2024లో కోబె నగరమున తన తరగతిలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచరికార్డు నెలకొల్పెను. ఆ యేటనే పారిస్ పారాలింపిక్సులో కాంస్యపతకము గెలిచెను. అందఱికిని పతకములు రావలెనని మేమనము. అందఱికిని పరుగిడ చోటుండవలెనని మాత్రమే యనుచున్నాము.

ఆ చోటెక్కడ? 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము పాఠశాలకు ఆటస్థలముండవలెనని విధించినది. 2025 మే 14వ తేదీన సుప్రీంకోర్టువారు పాదచారుల బాట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పిరి. చట్టము మనవైపు నున్నది. తాళముచెవి మాత్రము వేఱొకరి జేబులో నున్నది. మే మెఱిగిన యొక పాఠశాల మైదానము ఆదివారమంతయు తాళముతో నుండగా, ఆ గోడ కివతల పిల్లలు లారీల నడుమ బంతి యాడుచుందురు.

2004 అక్టోబరు 2వ తేదీన లండనులోని బుషీ పార్కునందు 13 మంది కలసి 5 కిలోమీటర్లు పరుగిడిరి. పార్క్‌రన్ అను పేర నేడు పెక్కు దేశములలో శనివారముదయమున రుసుము లేకయే, స్వచ్ఛందసేవకుల చేతిమీదుగా, తాతలు మనుమలతో గూడి చేయుచున్న పరుగునకు అదియే బీజము. పదుమువ్వురు మన పేటలో దొరకరా?

కావున మా విన్నపములు మూడు. పాఠశాలల మైదానములు సెలవుదినములలోను, ప్రాతఃకాలమునను ప్రజలకు తెఱువబడవలెను. కావలి కాయుటకు స్వచ్ఛందసేవకులముగా మేము సిద్ధము. పురపాలకసంఘమువారు ఆదివారముదయమున ఒక్క వీధినైనను రెండుగంటలపాటు వాహనములకు మూసి, స్త్రీలు నిర్భయముగా వచ్చునట్లు దీపములును, మరుగుదొడ్లును అమర్పవలెను. మూడవది ప్రభుత్వము చేయునది కాదు, కోర్టు చేయునది కాదు. శనివారము రాత్రి గృహస్థుడు కత్తిపీటవద్ద కూర్చుండి కూరలు తరుగవలెను. ఆ యొక్క పని జరిగినచో ఆదివారమున గడప దాటునది యొక్కడు కాదు, ఇంటిల్లిపాది.