భయపడాల్సింది ఎవరు?

1972లో జాన్ బూర్మన్ తీసిన 'డెలివరెన్స్' అనే అమెరికన్ సినిమాను ఇప్పటికీ గొప్ప థ్రిల్లర్‌గా చెప్పుకుంటారు. అట్లాంటా నగరం నుంచి నలుగురు మగవాళ్లు కొండల మధ్య నదిలో పడవ షికారుకు వెళ్తారు. ఆనకట్ట కట్టి ఆ లోయను ముంచేస్తున్నారు గనుక, మునిగేలోపు ఒకసారి చూసి రావాలని వాళ్ల సరదా. అడవిలో ఇద్దరు స్థానికులు తుపాకీతో అడ్డగించి, వారిలో ఒకరిపై అత్యాచారం చేస్తారు. అక్కడి నుంచి అంతా భయమే.

ఆ దాడిని ఎవరమూ సమర్థించం. అత్యాచారం ఎవరిమీద జరిగినా అత్యాచారమే. మా అభ్యంతరం వేరు. కొండప్రాంతపు పేదలంటేనే జడుసుకునేలా సినిమా తీశారు. చివర్లో చర్చిని లారీ మీద తరలిస్తారు, సమాధులు తవ్వుతారు. కానీ ఊరు పోగొట్టుకుంటున్న వాళ్ల గోడు వినిపించదు. ఆ ఊరి ఆడవాళ్లు తెరమీద కనిపించేదే తక్కువ. షికారుకు వచ్చినవాళ్ల భయమే కథ అయింది!

ఇదంతా మార్కాపురంలో ఎందుకంటారా? వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒకసారి, 2004లో మరోసారి శంకుస్థాపన జరిగింది. నల్లమలను తొలిచి శ్రీశైలం నీళ్లు తెచ్చే జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించారు. అప్పటికి నిర్వాసితుల పునరావాసం పూర్తి కాలేదు. సుంకేశుల, గొట్టిపడియ, గుండంచర్ల, కలనూతలతో సహా 11 ఊళ్లకు ముంపు రాసిపెట్టి ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన ఈ పశ్చిమ ప్రకాశానికి కృష్ణ నీళ్లు రావలసిందే. మరి ఆ నీళ్ల కోసం ఇల్లూ వాకిలీ వదిలే ఆడవాళ్ల లెక్క ఎవరు చూస్తారు?

సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరు కుటుంబాలుగా గుర్తించాలనీ చెబుతోంది. జాబితా రాసేటప్పుడు "ఇంటి యజమాని ఎవరు?" అని మాత్రమే అడిగితే వీళ్ల పేర్లు ఎక్కడ ఉంటాయి? పట్టా మగవాడి పేర, పరిహారం మగవాడి ఖాతాలో పడితే, వాళ్లు ఎక్కడికి పోవాలి?

ముంపు ఊళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లారా, నిర్వాసితుల జాబితాను గ్రామసభలో పైకి చదివించండి. ఒంటరి స్త్రీల పేర్లు లేకపోతే రాయించండి. ఇల్లు, పరిహారం దక్కేదాకా ఒక్క ఊరిలోకీ నీళ్లు వదలకూడదని పట్టుబట్టండి. అసలు భయం ఎవరిదో అప్పుడైనా అధికారులకు అర్థమవుతుంది.